తెల్లకోటు కబుర్లు: బెంచీ మీద ఇద్దరు

ఈ నెల కొలెస్టరాల్ గురించి రాస్తానని మాట ఇచ్చిన సంగతి మర్చిపోలేదు. కాని మొన్న మన ఉగాది సంబరాల్లో, పులిహోర బల్ల దగ్గర, ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "డాక్టరుగారూ, మావాడు ఎత్తు పెరగడానికి టానిక్కేమైనా ఉందాండీ?" అని అడిగారు. కుర్రాడికి పన్నెండేళ్ళు. ఫుట్‌బాల్ అకాడమీ వాళ్ళు చిన్నగా ఉన్నాడని వద్దన్నారట. అలాంటి టానిక్కు లేదండీ అని చెప్పి, ప్లేటు పట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆ జవాబు సగమే అనిపించింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కొలెస్టరాల్‌కేం, ఎక్కడికీ పోదు, వచ్చే నెలకూ ఉంటుంది.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి, ప్లాబ్ పరీక్ష గట్టెక్కి, నేను ఈ దేశం వచ్చింది 2012 వేసవిలో. మొదటి ఉద్యోగం మిడ్‌లాండ్స్‌లో, లెస్టర్‌కు దగ్గరలో ఒక ఆసుపత్రి. మా వార్డు పోర్టరు ఒక పెద్దాయన, లెస్టర్ సిటీ క్లబ్బుకు పరమ భక్తుడు. పాత ఫిల్బర్ట్ స్ట్రీట్ మైదానం రోజుల నుంచీ టిక్కెట్టు కొని చూస్తున్న మనిషి. రోగి మంచాన్ని ఎక్స్‌రేకు తోసుకెళ్తూ శనివారం మ్యాచి చెప్పడం మొదలుపెడితే, వెనక్కి వచ్చేసరికి రెండో సగం కూడా పూర్తయ్యేది. నాకు ఈ దేశపు ఇంగ్లీషు నేర్పిన గురువు ఆయనే. అందులో సగం మాటలు ఈ పత్రికలో అచ్చు వేయడానికి సంపాదకులు ఒప్పుకోరు.

ఆ వేసవిలోనే క్లబ్బు ఒక కొత్త స్ట్రైకర్‌ని కొన్నది. స్ట్రైకర్ అంటే, ఆట చూడని మా అత్తయ్యల కోసం చెబుతున్నాను, గోలు కొట్టడమే ఉద్యోగంగా అందరికన్నా ముందు ఆడేవాడు. పేరు జేమీ వార్డీ. అతను వచ్చిన దారి విచిత్రమైనది. పదహారేళ్ళప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు, ఒడ్డూ పొడుగూ చాలవని, పంపించేసింది. స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి జట్టులో వారానికి 30 పౌన్లకు ఆడుతూ, పగలు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి ఏమిటో తెలుసా? వైద్య స్ప్లింట్లు! నడవడానికి ఇబ్బందిపడే మా రోగులకు కాళ్ళకు కట్టేవి. తరవాత హాలిఫాక్స్, ఆపైన ఫ్లీట్‌వుడ్. అక్కడ 2011-12లో లీగు మ్యాచిల్లో 31 గోల్స్ కొట్టాడు. అది చూసి లెస్టర్ వాళ్ళు 10 లక్షల పౌన్లు ఇచ్చి తెచ్చుకున్నారు. లీగుల మెట్లలో అంత కింద ఉన్న జట్టునుంచి వచ్చే మనిషికి అంతకు ముందెవరూ అంత ధర పెట్టలేదు.

వార్డీ పుట్టింది 1987 జనవరిలో. నేనూ 1987లోనే పుట్టాను. ఇద్దరం పాతికేళ్ళ వయసులో, ఒకే వేసవిలో, కొత్త చోట అడుగుపెట్టాం. పోలిక అంతటితో సరి. నన్ను కొనడానికి ఎవరూ పది లక్షలు ఇవ్వలేదు. పరీక్ష ఫీజులు కూడా మా నాన్నగారే కట్టారు.

అక్టోబరు వచ్చేసరికి పోర్టరు తీర్పు చెప్పేశాడు. పరుగుంది గాని బుర్ర లేదు, పది లక్షలూ మట్టిపాలు. మన భాషలో చెప్పాలంటే బూడిదలో పోసిన పన్నీరు. అదే నోటితో క్లబ్బు అకాడమీలో పెరిగిన కుర్రాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు మెత్తబడేది. ఆండీ కింగ్, జెఫ్ ష్లుప్, వీళ్ళు "మన పిల్లలు". మన పిల్లలు బంతి పోగొట్టుకుంటే ఆరోజు గాలి బాగా లేనట్టు. కొన్నవాడు పోగొట్టుకుంటే వాడికి ఆట రానట్టు. స్టేడియంలో అభిమానుల న్యాయశాస్త్రం ఇదే. సొంత బిడ్డకు ఒక కొలత, ఇంటికొచ్చిన కోడలికి ఇంకో కొలత.

ఆ కొలత నాకూ బాగా తెలుస్తోంది అప్పట్లో. గుంటూరు పెద్దాసుపత్రిలో పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటే మధ్యాహ్నానికి అరవైమందిని చూసి పంపినవాణ్ణి. ఇక్కడ పన్నెండుమంది ఉన్న వార్డులో చెమటలు పట్టేవి. జేబులో బ్లీప్ మోగితే గుండె మోగేది. ఫోనులో అవతలివాళ్ళు మాట్లాడేది మూడోసారికి గాని అర్థమయ్యేది కాదు. డిశ్చార్జి ఉత్తరం ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు, రాయడం రాలేదని మాత్రం అందరూ చెప్పారు. మూడోనెల మదింపు కాగితం మీద పెద్ద డాక్టరు ఒక్క మాట రాశారు: "నెమ్మది". ఆ రాత్రి గదికి వెళ్ళి, తిరుగు టిక్కెట్టు ధర చూశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి రాయడం.

వార్డు సిస్టరు ఒకావిడ, మర్నాడు టీ చేసి ఇచ్చి, కూర్చోబెట్టి చెప్పింది: "నీకు వైద్యం వచ్చు, నేను చూశాను. మా కాగితాలు రావు. కాగితాలు నేర్చుకోవడం ఆరు నెలల పని." అంతే. దాంతో నేను మారిపోయాననను గాని, టిక్కెట్టు కొనలేదు.

తరవాత చాలా ఏళ్ళకు తెలిసింది, అదే శీతకాలంలో వార్డీ కూడా ఫుట్‌బాల్ మానేద్దామా అనుకున్నాడని. మేనేజరు నైజెల్ పియర్సన్, సహాయకుడు క్రెయిగ్ షేక్‌స్పియర్ కూర్చోబెట్టి, నువ్వు ఈ స్థాయికి చాలతావని నచ్చజెప్పారట. ఆ సీజన్‌లో అతను లీగులో కొట్టినవి 4 గోల్స్.

ఇక అసలు సంగతి. 2013 మే 12, ఆదివారం. పై లీగుకు వెళ్ళడానికి వాట్‌ఫర్డ్ మైదానంలో సెమీఫైనల్ రెండో మ్యాచి. వార్డు డే రూములో టీవీ ముందు రోగులు, పోర్టరు, మధ్యలో వచ్చి పోతూ నేను. ఆట ఆఖరి క్షణాల్లో లెస్టర్‌కు పెనాల్టీ వచ్చింది. క్నోకార్ట్ కొట్టాడు, గోల్‌కీపర్ ఆల్మూనియా ఆపాడు. తిరిగొచ్చిన బంతిని మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆపాడు. వాట్‌ఫర్డ్ వాళ్ళు ఆ బంతినే పట్టుకుని ఇటు చివరికి పరుగెత్తి, ట్రాయ్ డీనీ చేత గోలు కొట్టించారు. కళ్ళు మూసి తెరిచేంతలో గెలుపు ఓటమి అయింది. పోర్టరు ఏమీ మాట్లాడలేదు. ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆట మొదలైనప్పుడు లెస్టర్ బెంచీ మీద ఇద్దరు స్ట్రైకర్లు కూర్చుని ఉన్నారు. ఒకడు వార్డీ. రెండోవాడు టోటెన్‌హామ్ నుంచి అప్పుగా వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు. లెస్టర్‌కు 15 మ్యాచిలు ఆడి 2 గోల్స్ కొట్టాడు. పోర్టరు దృష్టిలో ఇతను "మన పిల్లాడు" కూడా కాదు, పక్కింటివాళ్ళ పిల్లాడు. "బరువెక్కువ, వేగం తక్కువ, పంపించెయ్యండి" అన్నాడు. కుర్రాడి పేరు హ్యారీ కేన్.

మూడేళ్ళు గడిచాయి. 2015-16 సీజన్ మొదట్లో పందెం దుకాణాలు లెస్టర్ గెలుపుకు ఒకటికి 5000 ఇస్తామన్న జట్టు, ప్రీమియర్ లీగు గెలిచింది. వార్డీ వరుసగా 11 మ్యాచిల్లో గోలు కొట్టి రికార్డు సృష్టించాడు. ఆ ఏడాది లీగు మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడు కేన్, 25. అతని వెనక 24తో వార్డీ, అంతే గోల్స్‌తో మాంచెస్టర్ సిటీ అగ్వేరో. వాట్‌ఫర్డ్‌లో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరే, దేశం మొత్తంలో మొదటివాడూ రెండోవాడూ అయ్యారు. ఆ ఇద్దరినీ వేలమంది కళ్ళారా చూశారు. చూసి, చాలరు అన్నారు.

వైద్యంలో మేము మొదట నేర్చుకునే జాగ్రత్త ఒకటుంది. ఆసుపత్రికి వచ్చి, భయంభయంగా కూర్చున్న మనిషికి పట్టీ కట్టి, ఒక్కసారి చూసిన రీడింగుతో రక్తపోటు ఉందని జీవితాంతం మాత్రలు రాసెయ్యం. మళ్ళీ చూస్తాం. ఇంట్లో చూసుకోమంటాం, లేదా రోజంతా కొలిచే యంత్రం కట్టి పంపుతాం. తెల్లకోటు చూస్తే పెరిగే రక్తపోటు వేరు, నిజమైన రక్తపోటు వేరు. కొత్త స్ట్రైకర్ మొదటి పది మ్యాచిలు తెల్లకోటు ముందు కూర్చున్న రీడింగు లాంటివి. కొత్త ఊరు, కొత్త జట్టు, బంతి ఎవరు ఎటు వేస్తారో తెలియదు, నెత్తిమీద ధర చీటీ. అప్పుడు గోల్స్ లెక్కపెట్టడం కన్నా, గోలు కొట్టగల చోటికి అతను పదే పదే చేరుతున్నాడా లేదా అని చూడటం మేలు. ఈ రోజుల్లో లెక్కలవాళ్ళు కూడా అవకాశాల నాణ్యతను కొలిచి చెబుతున్నారు. చేరుతుంటే గోల్స్ వెనకాల వస్తాయి. చేరకపోతే అప్పుడు బెంగ పెట్టుకోవచ్చు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఓపిక పట్టిన ప్రతివాడికీ ఫలం దక్కదు. 2011 జనవరి 31న చెల్సీ 5 కోట్ల పౌన్లు ఇచ్చి ఫెర్నాండో టోరెస్‌ను కొన్నది. మొదటి గోలుకు 903 నిమిషాల ఆట పట్టింది. 2012లో బార్సెలోనా మీద మరపురాని గోలు కొట్టాడు, కాని లివర్‌పూల్లో చూసిన పాత టోరెస్ మళ్ళీ కనబడలేదు. కాబట్టి ప్రతి కొత్తవాడూ వార్డీ అవుతాడని నేననడం లేదు. అవుతాడో కాడో అక్టోబరు నెలలో తెలియదు అంటున్నాను.

ఇక పిల్లల విషయం. ఆ తల్లి అడిగిన ప్రశ్న ఇక్కడికి వస్తుంది.

ఈ దేశంలో తరగతులూ, వయసు జట్లూ సెప్టెంబరు 1తో మొదలై ఆగస్టు 31తో ముగుస్తాయి. సెప్టెంబరులో పుట్టినవాడూ, మరుసటి ఆగస్టులో పుట్టినవాడూ ఒకే జట్టు. ఇద్దరికీ మధ్య దాదాపు ఏడాది తేడా. నలభైలో ఏడాది లెక్కలోకి రాదు. తొమ్మిదేళ్ళవాడికి ఏడాదంటే బతుకులో తొమ్మిదో వంతు. అందుకే అకాడమీల్లో శరత్కాలంలో పుట్టిన పిల్లలు ఎక్కువ, వేసవిలో పుట్టినవాళ్ళు తక్కువ. ఎంచుకునేవాళ్ళు ప్రతిభను చూస్తున్నామనుకుంటారు, తరచుగా చూసేది పుట్టినరోజును. హ్యారీ కేన్ పుట్టింది జులై 28న. చిన్నప్పుడు ఒక్క ఏడాది ఉంచుకుని అతన్ని వదిలేసిన క్లబ్బు ఆర్సెనల్. తరవాత ఆ ఆర్సెనల్ మీదే టోటెన్‌హామ్ చొక్కా వేసుకుని ఎన్ని గోల్స్ కొట్టాడో ఆర్సెనల్ వాళ్ళనే అడగండి.

రెండో సంగతి ఎదుగుదల. మగపిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగేది సగటున పదమూడున్నర, పధ్నాలుగేళ్ళప్పుడు. సగటు అన్నాను, గమనించండి. కొందరికి రెండేళ్ళు ముందు, కొందరికి రెండేళ్ళు వెనక. అందుచేత ఏడో తరగతి, ఎనిమిదో తరగతి జట్టులో ఒకడు సగం మగవాడు, పక్కవాడు ఇంకా పసివాడు. ఇద్దరికీ పాస్‌పోర్టులో ఒకే సంవత్సరం. ఈ తేడా గుర్తించి, ప్రీమియర్ లీగు అకాడమీలు గత పదేళ్ళుగా కొన్ని పోటీలు వయసుతో కాక ఎదుగుదలతో జట్లు కట్టి ఆడిస్తున్నాయి. పిల్లవాడి ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తులు తీసుకుని, పెద్దయ్యాక అందుకోబోయే ఎత్తులో ఇప్పటికి ఎంత వంతు వచ్చాడో లెక్క కడతారు. అలా ఆడినప్పుడు చిన్నవాళ్ళకు తమ తెలివి చూపించే వీలు దొరుకుతుంది, పెద్దవాళ్ళకు ఒంటి బలం ఒక్కటే చాలదని తెలుస్తుంది.

కాబట్టి అమ్మా, మీవాడికి టానిక్కు అక్కరలేదు. ఏటా కొంతైనా పెరుగుతున్నాడా, తన గీత పట్టుకుని పోతున్నాడా అన్నదే చూడండి. పెరుగుదల ఆగినట్టనిపించినా, పధ్నాలుగేళ్ళు నిండినా యౌవన లక్షణాలు మొదలుకాకపోయినా జీపీకి చూపించండి. పొడుగు సాగే రోజుల్లో మోకాలి చిప్ప కింద గుబ్బలా వచ్చి నొప్పి పెడితే, మడమ నొప్పితో కుంటితే, బద్ధకం అనకండి. ఎముక పెరిగేచోట కండర నరాలు లాగడం వల్ల వచ్చే నొప్పులవి. ఆట తగ్గిస్తే తగ్గుతాయి, అరిస్తే తగ్గవు.

"మనవాళ్ళకు ఫుట్‌బాల్ ఎందుకండీ, మన ఒంటికి పడదు" అనే పెద్దలకు ఒక మాట. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ గారు స్ట్రైకర్‌గా ముందుకు పంపారు. అతను సెమీఫైనల్లోనూ గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. బంగారు పతకం మనది. అందరూ వెనక నిలబెట్టిన మనిషిలో ముందు ఆడేవాణ్ణి చూసిన కన్ను అది. ఇక్కడి సంగతి కావాలంటే, బంగ్లాదేశీ తల్లికి లఫ్‌బరాలో పుట్టిన హమ్జా చౌధురి లెస్టర్ అకాడమీలో పెరిగి, 2021లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన దేశం మీదే బంగ్లాదేశ్ తరఫున మొదటి మ్యాచి ఆడాడు.

ఇంతవరకూ పరుల సంగతి చెప్పాను. ఇప్పుడు మా ఇంటి సంగతి.

మావాడికి తొమ్మిదేళ్ళు. పుట్టింది ఆగస్టు ఆఖరి వారంలో. ఈ చలికాలంలో ఒక క్లబ్బు వాళ్ళు ఆరు వారాలు పిలిచి చూశారు. ఆరు వారాలూ నేను గీత పక్కన నిలబడ్డాను. పైన రాసిన శాస్త్రమంతా నాకు అప్పటికే తెలుసు. తెలిసీ ఏం చేశాను? "పరుగెత్తు! వెనక్కి రా! అటు కాదు!" అని గొంతు చించుకున్నాను. ఇంటికెళ్ళే దారిలో కారులో ఏ బంతి ఎందుకు పోయిందో వివరంగా చెప్పేవాణ్ణి. ఆఖరికి వద్దన్నారు. మర్యాదగానే చెప్పారు. వాడు కారు ఎక్కి, బెల్టు పెట్టుకుని, కాసేపు ఏడ్చాడు. నేను ఓదార్పుగా, పుట్టిన నెల గురించి, కేన్ గురించి మొదలుపెట్టాను. వాడు ముక్కు తుడుచుకుని అన్నాడు: "నాన్నా, నువ్వు రాని రోజు నేను రెండు గోల్స్ కొట్టాను."

నిజమే. ఆ రోజు నాకు ఆన్‌కాల్. వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. ఆవిడ కారులో కూర్చుని పుస్తకం చదువుకుంది.

పోర్టరు వార్డీని అక్టోబరులో తీర్పు తీర్చాడని నవ్వాను కదా. నేను మా పిల్లవాణ్ణి నిమిషానికోసారి తీర్చాను. నా మూడోనెల కాగితం మీద ఒక్క మాట రాసిన పెద్ద డాక్టరే నయం, ఒక్కసారే రాశారు. మన సంఘంలో నాలాంటి నాన్నలు ఇంకా ఉన్నారని నా అనుమానం. ఆట ఒక్కటే కాదు. వయొలిన్, లెక్కలు, స్పెల్లింగులు, అన్నిటికీ మనం గీత పక్కనే నిలబడి ఉన్నాం. మనం ఈ దేశంలో అడుగుపెట్టిన మొదటి ఏడాది ఎవరైనా కాస్త ఆగి చూస్తే బాగుండునని ఎంత కోరుకున్నామో, ఆ ఆగడాన్ని మన పిల్లలకు ఇవ్వడంలో అంత పిసినారితనం చూపిస్తున్నాం.

మావాడు ఇప్పుడు ఆదివారాలు పార్కు జట్టులో ఆడుతున్నాడు. నేను గోల్ వెనక చెట్టు కింద నిలబడతాను. నోట్లో చూయింగ్ గమ్ పెట్టుకుంటాను. అదొక్కటే నాకు దొరికిన మందు.

అందుకని కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. ఈసారి వేసవి పిక్నిక్‌లో పిల్లల ఫుట్‌బాల్ రెండు సగాలుగా పెడదాం. మొదటి సగం మామూలుగా వయసును బట్టి. రెండో సగం ఎత్తును బట్టి జట్లు. టేపు నేను తెస్తాను. ఆ రెండో సగంలో పెద్దలందరూ వంట గుడారంలో ఉండాలి, గీత పక్కకు రాకూడదు. మిరపకాయ బజ్జీలు ఉంటే రారనే నా నమ్మకం.

ముగించే ముందు పోర్టరు సంగతి. రిటైరై చాలాకాలమైంది, నాతో మాత్రం ఇప్పటికీ ఫోనులో కబుర్లాడతాడు. 2025 ఏప్రిల్‌లో లెస్టర్ అకాడమీ కుర్రాడు జెరెమీ మోంగా పదిహేనేళ్ళకే ప్రీమియర్ లీగులో అడుగుపెట్టాడు. పద్దెనిమిది నిండలేదు గనక చొక్కా మీద పందేల కంపెనీ ప్రకటన కూడా లేకుండా ఆడాడు. ఆ సాయంత్రమే మావాడి నుంచి సందేశం: "ఇతనే రేపటి వార్డీ!" చొక్కా మీద ప్రకటన మోయకూడని వయసువాడి నెత్తిన ఎంత బరువు పెట్టాడో చూడండి.

నెల తిరిగాక, మే 18న, వార్డీ లెస్టర్‌కు తన ఆఖరి మ్యాచి ఆడాడు. అది అతని 500వ మ్యాచి, అందులో కొట్టింది 200వ గోలు. పోర్టరు ఫోను చేశాడు. గొంతు బొంగురు పోయి ఉంది. "చూశావా డాక్టర్, మొదటి రోజే చెప్పాను కదా, వీడు మామూలువాడు కాదని!" అన్నాడు. నేను కాదనలేదు. కాసేపాగి, "నీ గురించి కూడా అదే చెప్పాను" అన్నాడు.

దానికీ కాదనలేదు. వచ్చే నెల తప్పకుండా కొలెస్టరాల్.